బాపు బుల్లెట్ విప్పాను, ఆరు నెలలైనా బిగించలేకపోతున్నాను

హనుమకొండ నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. మొత్తం వేస్తే ఇక్కడ నాకు చోటు మిగలదు కాబట్టి కుదించి చెప్తాను.

వయసు 38, ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగం. భార్య, ఆరేళ్ల పాప, అమ్మ, బాపు అందరూ ఒకే ఇంట్లో ఉంటారు. బాపు సింగరేణిలో చేసి రిటైరయ్యారు, ఇప్పుడు 74. ఆయనకో 1974 బుల్లెట్ 350 ఉంది, మందమర్రిలో ఉన్నన్నాళ్లూ డ్యూటీకి దాని మీదే వెళ్లేవారట. 2009 నుంచి అది పరకాల దగ్గర సొంతూళ్లో, కొట్టంలో గోనెసంచుల కింద పడి ఉంది. మొన్న సంక్రాంతికి ట్రాలీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చారు. వీడియోలు చూసుకుంటూ ఒక ఆదివారం ముందు చక్రం ఊడదీశారు, తర్వాతి ఆదివారాల్లో మడ్గార్డు, హ్యాండిల్, హెడ్‌లైట్ డూమ్, షాకప్స్, చివరికి షాకప్స్ రెంటినీ పట్టి ఉంచే టీ బ్రాకెట్ కూడా. టీ కిందికి జారగానే స్టీరింగ్ బాల్స్ జలజలా రాలి కొన్ని మోరీలో పడ్డాయి, ఎన్ని పోయాయో ఎన్ని మిగిలాయో తెలియదు. అక్కడ ఆగిన పని ఇప్పటిదాకా కదల్లేదు. బండి రెండు సిమెంటు ఇటుకలు, ఒక పాత పీట మీద నిలబడి ఉంది. నట్లు, బోల్టులు ఐదు ఐస్‌క్రీం డబ్బాల్లో ఉన్నాయి, ఏది ఎక్కడిదో గుర్తులేదు.

సందులో మెకానిక్ వచ్చి చూసి ఎడమ షాకప్ రాడ్ వంగిందని చెప్పి, "ఈ పాత సామానుతో ఎందుకు సార్, కొత్త బుల్లెట్ ముందుభాగం దొరుకుతది, డిస్క్ బ్రేకుతో సహా ఎక్కిచ్చేస్త" అన్నాడట. హైదరాబాద్‌లో ఉండే అన్న మాత్రం రంగు వేయించి, క్రోమ్ కొట్టించి అమ్మేద్దాం, లేదంటే మా హాల్లో పెట్టుకుంటా అంటున్నాడు. భార్యకు రెండు కోపాలు: రాడ్ వంకర చూడ్డానికి వంటింటి గ్రానైట్ గట్టు మీద దొర్లించడం ఒకటి, నట్లు డీజిల్‌లో నానబెట్టడానికి సాంబారు గిన్నె వాడటం రెండోది. ఆదివారాల లెక్క కూడా అడుగుతోందని రాశారు గానీ దాన్ని మూడో కోపంగా ఆయన లెక్క వేసుకోలేదు. దసరాకు బండికి పూజ చేసి, బాపు నడుపుతుంటే తను వెనక కూర్చుని జమ్మి దగ్గరికి వెళ్లాలని ఆయన ఆశ. బాపు అయితే ఒక్కసారే "దాన్నెందుకు విప్పినవ్ రా" అన్నారట, ఆ తర్వాత వరండాలోకే రావడం లేదు.

ఆయన అడిగినవి మూడు. పాత షాకప్సే బాగుచేసుకోవాలా, డిస్క్ ఎక్కించాలా? ఇది అసలు ఇంట్లో అయ్యే పనేనా? ఇంట్లో వాళ్లను ఒప్పించేదెట్లా?

తమ్మీ, అలా పిలిస్తే ఏమనుకోకండి, మీకంటే ఇరవై ఏళ్లు పెద్దవాణ్ణి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి షాకప్స్ కోసం చదివాను. రెండోసారి మూడో పేజీ మధ్యలో ఆగిపోయాను. అక్కడ మీరు రాసింది ఇది: "1991లో అమ్మ వెనక కూర్చున్నప్పుడు ఎడ్లబండిని తప్పించబోయి కల్వర్టుకు గుద్దితే అమ్మ కాలు విరిగింది, రాడ్ అప్పుడే వంగి ఉంటుంది, బాపు లేత్ షాపులో వంకర తీయించాడంట." దాని తర్వాతి వాక్యంలోనే షాకప్ ఆయిల్ సీల్ సైజు అడిగారు.

మీరు దాన్ని రాడ్ చరిత్రగా రాశారు. నాకు మాత్రం మీ బాపు వరండాలోకి ఎందుకు రావడం లేదో అక్కడే కొంచెం అర్థమైనట్టు అనిపించింది. ముప్పై ఏళ్లకు పైగా ఆ డూమ్ కింద, ఆ కవర్ల లోపల కనబడకుండా ఉన్న వంకరను మీరు ఊడదీసి, కడిగి, వంటింటి గట్టు మీద దొర్లించి, "చూడు బాపు, ఎంత వంగిందో" అని చూపించారు. (చూపించానని మీరే రాశారు.) మీ తప్పేం లేదు, మీకు అది ఇనుప రాడ్. ఇంకోటి, నాలుగు పేజీల్లో అమ్మ మూడుసార్లు వస్తుంది, మూడోసారి "అమ్మ ఏమీ అనదు" అని రాశారు. అడిగితే ఏమీ అనలేదా, అసలు అడగలేదా? దీని దగ్గరికి మళ్లీ వస్తాను. ముందు బండి సంగతి చూద్దాం, ఎందుకంటే దాని కింద ఒక ఆరేళ్ల పాప తిరుగుతోంది.

ఈ ఉత్తరం చదవడం అవ్వగానే ఆ పీట తీసేయండి. బుల్లెట్ నూట అరవై కిలోల పైమాటే, ముందు చక్రం లేని బండికి బరువంతా ఎటు ఒరుగుతుందో చెప్పలేం. ఇంజన్ కింద వెడల్పాటి చెక్క దుంగ పెట్టి, వెనక చక్రాన్ని, సీటు కింద ఫ్రేమ్‌ను రెండు తాళ్లతో వరండా స్తంభానికి కట్టేయండి. రెండో సంగతి, బ్రేక్ డ్రమ్‌లో ఉన్న నల్లటి దుమ్మును నోటితో గానీ కంప్రెసర్‌తో గానీ ఊదకండి. ఆ కాలం బ్రేక్ లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. పెట్రోల్‌తో మాత్రం ఏదీ కడగొద్దు, ఇంట్లో పొయ్యి ఉంది. డీజిల్ చాలు. గిన్నె మాత్రం వేరే కొనుక్కోండి, సాంబారుది మళ్లీ పొయ్యి మీదికి ఎక్కదు గానీ ఆ స్థానంలో కొత్తది తెచ్చిపెట్టడం మీ బాధ్యత.

ఇప్పుడు రాడ్. గ్రానైట్ మీద దొర్లించడం మంచి ఉపాయమే, కరీంనగర్ గ్రానైట్ కంటే చదునైనది మన ఇళ్లలో ఇంకేముంటుంది. కానీ అది సగం పరీక్షే. ఎదురుగా గుద్దినప్పుడు రాడ్ సాధారణంగా కింది టీకి కాస్త కిందే వెనక్కి వంగుతుంది, అదే దెబ్బకు కింది టీ మెలి తిరగొచ్చు, ఇంకా గట్టి దెబ్బైతే ఫ్రేమ్ మెడే (స్టీరింగ్ తిరిగే చోటు) వెనక్కి పోవచ్చు. మీ మెకానిక్ రాడ్ ఒక్కటే చూశాడు. టీ ఎలా చూడాలంటే, రెండు మంచి రాడ్లు (ఎవరి దగ్గరైనా ఒక పూటకు అడిగి తెచ్చుకోండి) టీలో పెట్టి బిగించి, వాటిని పడుకోబెట్టి రెండింటి మీద అడ్డంగా ఒక మందపాటి అద్దం ముక్క పెట్టండి. అద్దం నాలుగు చోట్లా ఆనుకుని కదలకుండా కూర్చుంటే రెండు రాడ్లూ ఒకే చదునులో ఉన్నట్టు. ఒక మూల నొక్కితే ఎదుటి మూల లేచి టక్కుమంటే టీ మెలి తిరిగినట్టు. ఐదు నిమిషాల పని, ఖర్చు లేదు, చాలామంది చేయరు. చేయకుండా కొత్త రాడ్లు, సీళ్లు వేసి, షాకప్ ఆడకుండా బిగుసుకుపోతే సీల్ కంపెనీని తిడతారు.

ఫ్రేమ్ మెడ దగ్గర రంగు, మడ్డి గీకేసి, పైపులు అతికిన చోట వెంట్రుకంత చీలిక ఉందేమో టార్చి వేసి చూడండి. అక్కడే జాగ్రత్త కూడా: బుల్లెట్‌కు ఛాసిస్ నంబర్ సాధారణంగా మెడ దగ్గరే కొట్టి ఉంటుంది, ఆ చోట గ్రైండర్ గానీ గరుకు పేపర్ గానీ పెట్టకండి. నంబర్ అరిగిన బండికి కాగితాలు తెచ్చుకోవడం కొత్త బండి కొనడం కంటే కష్టం. మెడ వంగినట్టు తేలితే ఇంట్లో చేసే పని అక్కడితో ఆగిపోతుంది, అది ఫ్రేమ్ జిగ్ (ఫ్రేమ్‌ను బిగించి వంకర సరిచేసే చట్రం) ఉన్నవాళ్లు చూడాల్సిన పని, అప్పుడు డిస్కా డ్రమ్మా అన్న చర్చే అనవసరం.

మెడ, టీ బాగానే ఉన్నాయనుకుందాం. ఎడమ రాడ్‌ను మళ్లీ వంకర తీయించి వాడొచ్చా అని మీరు నేరుగా అడగలేదు గానీ లేత్ షాపు గురించి రాసిన తీరు చూస్తే ఆ ఆలోచన ఉందనిపించింది. వద్దు. చిన్న వంకరను ప్రెస్ మీద ఒకసారి తీయడం ఉన్న పద్ధతే, కానీ ఇది 1991లో ఒకసారి వంగి, తీయించాక కూడా వంకర మిగిలిపోయిందో, మళ్లీ అక్కడే వంగిందో అన్నట్టుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే ఏమవుతుందో మనకు తెలుసు, గొట్టం కూడా అంతే, కాకపోతే చెప్పకుండా విరుగుతుంది. ఈ ఉత్తరంలో నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే, మిగతావన్నీ మీ ఇష్టం: ఆ ఎడమ రాడ్ మళ్లీ రోడ్డెక్కకూడదు.

ఇక మీ ముందున్న దారులు.

పాత షాకప్సే ఉంచుకుని కొత్త రాడ్లు, బుష్‌లు, సీళ్లు, కోన్ సెట్ (స్టీరింగ్ బాల్స్, వాటి కప్పులు) వేసుకోవడం ఒకటి. బుల్లెట్‌లో ఉన్న అదృష్టం ఏంటంటే 1955లో మద్రాసులో మొదలైన బండి దశాబ్దాల పాటు పెద్దగా మారకుండా వచ్చింది, అందుకే 1974 బండికి ఇప్పటికీ సామాను దొరుకుతుంది. రాజ్‌దూత్ వాళ్లను అడగండి ఆ సుఖం విలువ. అయితే "బుల్లెట్ రాడ్ ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోకండి. పాత రాడ్ చేతిలో పట్టుకుని వెళ్లి కౌంటర్ మీద పక్కపక్కన పెట్టి పొడవు, మరలు, మందం చూసుకోండి. వరంగల్‌లో దొరకనివి సికింద్రాబాద్ రాణిగంజ్‌లో దొరకొచ్చు, ఒక శనివారం రైలెక్కితే సరిపోతుంది.

మీ బండి డూమ్ గురించి ఒక మాట చెప్పాలి. ఆ రెండు చిన్న పులికళ్ల లైట్లున్న డూమ్ 1954లో ఇంగ్లండ్ బుల్లెట్లకు వచ్చిన డిజైన్, అది అందం కోసం పెట్టిన డబ్బా కాదు, పై టీ కూడా అదే. రాడ్ల పై కొసలు అందులోనే బిగుస్తాయి. అందుకే దాన్ని రంగు పనికి పంపే ముందు రాడ్లు బిగిసే చోట్ల పగుళ్లు ఉన్నాయా చూడాలి. మీ మెకానిక్ చెప్పిన "కొత్త ముందుభాగం" ఎక్కిస్తే ఆ డూమ్ అటక మీదికి పోతుంది, ఇది ఆయన మీకు చెప్పలేదనుకుంటా.

డిస్క్ ఎక్కించడం రెండో దారి. దాన్ని వెక్కిరించను. పాత సింగిల్ లీడింగ్ డ్రమ్‌కూ (రెండు బ్రేక్ షూల్లో ఒక్కటే గట్టిగా పట్టేది) డిస్క్‌కూ ఆగే తీరులో చాలా తేడా ఉంటుంది, ములుగు రోడ్డు మీద లారీ వెనకాల పోతున్నప్పుడు ఆ తేడా తెలుస్తుంది. మీ బండికి ఇంకో చిక్కు ఉంది, అది పాత బుల్లెట్ కాబట్టి గేరు కుడికాలికి, వెనక బ్రేకు ఎడమకాలికి. మీరు రోజూ నడిపే బండికి ఉల్టా. కుక్క అడ్డొస్తే మీ కుడికాలు అలవాటుగా బ్రేక్ అనుకుని గేరు తొక్కుతుంది. ఆ క్షణంలో మిమ్మల్ని కాపాడేది చేతి బ్రేకే. కాబట్టి ముందు బ్రేక్ బాగుండాలన్న మెకానిక్ మాట నిజం. ఇబ్బంది మరో చోట ఉంది: టీ స్టెమ్ (ఫ్రేమ్ మెడలోకి వెళ్లే కడ్డీ) పొడవు సరిపోవాలి, మడ్గార్డు, స్పీడోమీటర్ కేబుల్, హ్యాండిల్ కొత్తగా కుదుర్చుకోవాలి, ఎవరో వెల్డింగ్ చేసి "సెట్ అయింది సార్" అంటే దాన్ని నమ్మి పాపను ముందు కూర్చోబెట్టుకోవాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడం గురించే, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాడు ముందు దాన్నే పట్టుకుంటాడు.

ఈ రెండింటి మధ్య ఒక దారి ఉంది, దాన్ని మీకు ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత కాలం బుల్లెట్లకు పెద్ద డ్రమ్ వచ్చింది, రెండు షూలూ లీడింగ్. చూడ్డానికి పాతదానిలాగే ఉంటుంది, ఆగడం మెరుగ్గా ఉంటుంది. మీ షాకప్ కింది కేసుకు దాని ప్లేటు యాంకర్ (ప్లేటు తిరగకుండా ఆపే పట్టు) కుదురుతుందో లేదో మాత్రం కొనేముందు పెట్టి చూసుకోవాలి. ఎత్తు మీద బండి వెనక్కి జారుతున్నప్పుడు అది అంతగా పట్టదు, ఆ అలవాటు పడాలి.

పాత డ్రమ్‌నే ఉంచుకున్నా దాన్ని సగం మంది సరిగా బిగించరు కాబట్టే దానికంత చెడ్డపేరు. షూలకు కొత్త లైనింగ్ వేయించి, డ్రమ్ గుండ్రంగా లేకపోతే ఊచలు బిగించిన చక్రాన్నే లేత్ మీద పెట్టి సన్నగా కోయించండి. విడి డ్రమ్‌ను కోయించి తర్వాత ఊచలు లాగితే మళ్లీ వంకరపోతుంది. చక్రం ఎక్కించాక, యాక్సిల్ నట్టు వదులుగా ఉన్నప్పుడే చక్రాన్ని గిర్రున తిప్పి బ్రేక్ గట్టిగా పట్టండి, పట్టుకునే ఉండి పాపనో మీ ఆవిడనో లివర్ అలాగే నొక్కి ఉంచమని, అప్పుడు నట్టు బిగించండి. షూలు డ్రమ్ మధ్యలో కూర్చుంటాయి. నేను నా ఎజ్డీకి ఈ పని చేయక రెండేళ్లు "డ్రమ్ బ్రేకులింతే" అని తిరిగాను. ఆయిల్ సీల్ ఒకసారి తలకిందులుగా కూడా వేశాను, అది ఇంకో కథ, కుడి బూటు మాత్రం పాడైంది.

సీల్ దగ్గర తొందర వద్దు. రాడ్ కొస మీద ఒక పల్చటి ప్లాస్టిక్ కవర్ చుట్టి, సీల్ పెదవికి గ్రీజు రాసి జారవిడవండి, రాడ్ మీది మరల అంచుకు తగిలి పెదవి చినిగితే కంటికి కనబడదు, వారం తర్వాత కారుతుంది. కూర్చోబెట్టేటప్పుడు సుత్తితో నేరుగా కొట్టకుండా, దాని అంత చుట్టుకొలతున్న పైపు ముక్క ఆనించి చుట్టూ సమానంగా తట్టండి. షాకప్ రెండు కాళ్లలోనూ ఆయిల్ ఒకే కొలత పోయాలి, పాపకు మందు పట్టే సిరంజి లాంటిది కొత్తది కొనుక్కుంటే సరి. (కొత్తది అని ఎందుకన్నానో మీకు తెలుసు.) అంతా ఎక్కాక కింది టీ బోల్టులు వదులుగానే ఉంచి, బండి ముందుకు వంగేలా నాలుగైదుసార్లు నొక్కి వదిలి, రాడ్లు వాటంతటవి సర్దుకున్నాక అప్పుడు బిగించండి.

అన్న చెప్పిన క్రోమ్ గురించి. మడ్గార్డు పట్టీలకు, హ్యాండిల్‌కు షోకు క్రోమ్ కొట్టించుకోవచ్చు. షాకప్ రాడ్ మీద సీల్ ఆనే చోటికి అది పనికిరాదు, అక్కడ ఉండాల్సింది హార్డ్ క్రోమ్, వేశాక కొలతకు గ్రైండింగ్ చేయాలి. స్ప్రింగులను, యాక్సిల్‌ను, బరువు మోసే బోల్టులను మెరుపు కోసం ప్లేటింగ్‌కు ఇవ్వొద్దు. ప్లేటింగ్ తొట్టిలో గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసు చేస్తుంది, తర్వాత వేడిలో పెట్టి దాన్ని వెళ్లగొట్టాలి, ఆ ఓపిక చిన్న షాపుల్లో ఎవరికుంటుంది.

ఇంట్లో అయ్యే పనేనా అన్నారు. విప్పడం, కడగడం, చూసుకోవడం, గ్రీజు పెట్టి మళ్లీ ఎక్కించడం ఇంట్లో అవుతాయి. లేత్ పని, లైనింగ్, రిమ్ వంకర తీసి ఊచలు లాగడం, రంగు బయట ఇవ్వండి. అన్నీ నేనే చేయాలన్న పంతం వల్ల వరండాల్లో ఉండిపోయిన బళ్లు కాశీబుగ్గ నుంచి కాజీపేట దాకా నేను చాలా చూశాను. ఇప్పుడు వానలు కూడా, మీరు గీకి ఉంచిన ఇనుము మీద రాత్రికి రాత్రే తుప్పు పూస్తుంది. పనిలో లేని ప్రతి ముక్కకూ నూనె రాసి పెట్టండి.

కాగితాలు మరిచారు. ఆర్‌సీ బాపు పేరు మీద ఉంది, 2009 తర్వాత రిన్యూ కాలేదు అన్నారు. మామూలు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిన్యూ చేయించుకుంటూ రోడ్డు మీద తిప్పుకోవచ్చు. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనలు ఇంకో దారి: మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేస్తారు, ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంచుతారు, కొత్తగా చేసేదానికి వీఏ అక్షరాలున్న నంబర్ ఇస్తారు, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 ఫీజు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత 5,000. మీ బండికి 50 దాటాయి. కానీ వింటేజ్ రిజిస్ట్రేషన్‌తో రోజూ తిరగకూడదు, ప్రదర్శనకో ర్యాలీకో పెట్రోల్‌కో రిపేరుకో మాత్రమే. పైగా బండి అసలు రూపంలో ఉండాలి, అంటే డిస్క్ ఎక్కిస్తే ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. మీకు రామప్ప దాకా ఒక ఉదయం వెళ్లి రావాలనుంటే మామూలు రిన్యూవలే నయం. అన్న హాల్లో నిలబెట్టాలనుకుంటే వింటేజ్ రిజిస్ట్రేషన్ గొప్పగా ఉంటుంది.

ఆ హాలు సంగతి కూడా చెప్తాను. షోపీస్‌గా పెట్టడం తప్పేం కాదు. కానీ వంకర రాడ్‌తో రంగు వేసి నిలబెడితే, ఏదో పండక్కి ఒక మేనల్లుడు కిక్కు కొట్టి సందు చివరిదాకా తీసుకుపోతాడు. షోపీస్ అయినా సరే ఆ రాడ్ తీసేయాల్సిందే. అమ్మేట్టయితే పాత సామాను ఒక్కటి కూడా పారేయకండి, కొనేవాడు ఆ డూమ్‌కు, ఆ డ్రమ్‌కే డబ్బులిస్తాడు.

ఇప్పుడు అమ్మ. ఇంట్లో వాళ్లను ఒప్పించేదెట్లా అని అడిగారు. ఒప్పించడం తర్వాత, ముందు అడగండి. అందరికంటే ముందు అమ్మను, బాపు లేనప్పుడు, వంటింట్లో. "అమ్మా, ఈ బండి మళ్లీ రోడ్డెక్కడం నీకు ఇష్టమేనా?" అంతే. ఆమె "నాకేంది, మీ ఇష్టం" అనొచ్చు. అప్పుడు వెంటనే లేచి పానా పట్టుకోకండి, కాసేపు కూర్చోండి, చిక్కుడుకాయ ఈనెలు తీయండి. వానాకాలం ఆ కాలు ఇప్పటికీ గుంజుతుందని మీరే రాశారు. ఆమె వద్దంటే, బండి అమ్మడమో అన్నకివ్వడమో చేయండి, ఆరు నెలల పని పోయిందనిపిస్తుంది, కొన్నాళ్లు బాధగానే ఉంటుంది. ఆమె "నువ్వు తిప్పుకో, మీ బాపును ఎక్కనియ్యకు" అంటే అది కూడా న్యాయమే. 74 ఏళ్ల మనిషి, పాత బుల్లెట్, కిక్కు ఎదురు తన్నితే మడమ పోతుంది. దసరా కల కొంచెం మార్చుకోవాల్సి వస్తుంది. ఇంకో అవకాశం కూడా ఉంది, మీ బాపుకు భయమూ సిగ్గూ కలిసి ఉండి, అమ్మకు అసలు ఆ సంగతి మీద ఏ కోపమూ లేకపోవచ్చు, ఇద్దరూ ఇన్నేళ్లూ ఒకరి కోసం ఒకరు ఆ మాట ఎత్తకుండా ఉండొచ్చు. నాకు తెలియదు, నేను మీ ఇంట్లో లేను.

మీ ఆవిడకు చెప్పాల్సింది వేరే. ఆవిడ బాధ గిన్నెతో మొదలైంది గానీ గిన్నె కాదు. ఆరు నెలల్లో ఇరవై ఆరు ఆదివారాలు, అందులో పని జరిగినవి నాలుగో ఐదో, మిగతావి డబ్బాల ముందు కూర్చోవడమే, మీ లెక్క ప్రకారమే. నెలకు రెండు ఆదివారాలు, పొద్దున పదకొండు దాకా అని మీరే ఒక హద్దు చెప్పి, దానికి నిలబడితే పని కూడా ఇంతకంటే ముందుకు పోతుంది. దసరా గడువు మాత్రం వదిలేయండి. పూజకు బండి నడవాల్సిన అవసరం లేదు, చక్రం లేకుండా కూడా పసుపు కుంకుమ పెట్టొచ్చు, నిమ్మకాయలు ఎటూ తొక్కించలేరు. గడువు కోసం హడావుడిగా బిగించిన ముందు చక్రం మీద మాత్రం ఎవరినీ ఎక్కించకండి.

బాల్స్ సంగతి చివరికి పెట్టాను. మిగిలిన పాత బాల్స్, కొత్త బాల్స్ కలిపి వేయొద్దు, పాతవి అరిగి చిన్నవై ఉంటాయి, బరువంతా కొత్తవాటి మీదే పడుతుంది. కోన్ సెట్ మొత్తం కొత్తది తీసుకోండి, కప్పుల్లో బాల్స్ ఒత్తిన గుంటలు ఉంటాయి కాబట్టి అవీ మార్చాల్సిందే. గ్రీజు దట్టంగా రాసి బాల్స్ ఒక్కొక్కటే అంటించండి. అన్నీ పేర్చాక ఇంచుమించు ఒక బాల్ పట్టేంత ఖాళీ మిగలాలి, ఖాళీ ఉందని ఇంకోటి కుక్కొద్దు. బిగింపు ఎంతంటే, ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు షాకప్స్ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగితే కదలకూడదు, హ్యాండిల్‌ను మధ్యలోంచి వేలితో నెడితే దానంతటదే పక్కకు వాలిపోవాలి.

కానీ కొనే ముందు, అమ్మతో మాట్లాడాక, ఆమె సరేనంటేనే, ఒక పొద్దున ఆ ఐస్‌క్రీం డబ్బాలు వరండాలోంచి లోపలికి తెచ్చి బాపు కుర్చీ పక్కన పాత పేపర్ పరిచి పోయండి. రాడ్ తీసుకురావొద్దు, అది కొట్టంలోనో ఎక్కడో పెట్టేయండి. ఏ నట్టు ఎక్కడిదో మీకు తెలియదన్నారు, ఆ బండిని అన్నేళ్లు విప్పి బిగించిన మనిషికి చేత్తో తడిమితే తెలుస్తుంది. "స్టీరింగ్‌ల బాల్స్ ఎన్ని ఉండేవి బాపు?" అని అడగండి. ఆయన చెప్పిన లెక్క తప్పైనా పర్వాలేదు, ఖాళీ చూసి మీరు సరిచేసుకోవచ్చు.